జ్ఞానస్నానం నాటి కొవ్వొత్తి

బుధవారం పొద్దున నేలిదా రేవు మెట్లు దిగి వచ్చింది. ఒక చేతిలో గుండ్రటి రొట్టె, ఇంకో చేతిలో పాత గుడ్డలో చుట్టిన కొవ్వొత్తి. పడవలోంచి నీళ్ళు తోడుతున్న సెలెదోనియో ఆ రెంటినీ చూసి చేతిలో డబ్బా అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. ఆమె ఎందుకొచ్చిందో చెప్పనక్కర్లేదు. పరానా నది ఒడ్డున పుట్టినవాడికి ఎవడికైనా తెలుస్తుంది. ఏట్లో మునిగిన మనిషి తేలకపోతే, మూడోనాడు రొట్టెలో కొవ్వొత్తి గుచ్చి, వెలిగించి నీళ్ళమీద వదులుతారు. అది ఎక్కడ ఆగి గిర్రున తిరిగితే అక్కడ, అడుగున, మనిషి ఉన్నట్టు.

"కొంపాద్రే, ఇది వాడిదే," అంది నేలిదా గుడ్డ విప్పుతూ. "ఆ రోజు గుళ్ళో నువ్వు పట్టుకున్నదే."

కొవ్వొత్తి బెత్తెడు మిగిలింది. పక్కన నీలిరంగు అక్షరాల్లో రాసిన ఎలియాస్ పేరులో చివరి రెండక్షరాలే కరగకుండా ఉన్నాయి. ఇరవై నాలుగేళ్ళ కిందట ఎలియాస్‌కు జ్ఞానస్నానం చేయించినప్పుడు పసివాణ్ణి ఒక చేత్తో, ఈ కొవ్వొత్తిని ఇంకో చేత్తో పట్టుకున్నది సెలెదోనియోనే. వాడికి అతను జ్ఞానతండ్రి. ఆనాటినుంచి వాడి తల్లి అతన్ని కొంపాద్రే అని, అతను ఆమెను కొమాద్రే అని పిలుచుకుంటున్నారు. ఈ ఒడ్డున అది తోడబుట్టిన చుట్టరికం కన్నా గట్టిది.

"పిడుగులు పడ్డప్పుడల్లా కాసేపు వెలిగించి ఆర్పేసేదాన్ని. ఇంతే మిగిలింది. సరిపోద్దంటావా?"

"సరిపోద్ది," అన్నాడు సెలెదోనియో.

"నువ్వే వదలాలి. ఆ రోజు పట్టుకున్న చెయ్యే వదిలితే కొవ్వొత్తి దారి తప్పదని మా నాన్న అనేవాడు."

సెలెదోనియో కొవ్వొత్తి అందుకున్నాడు. కొవ్వొత్తితో పని లేకుండానే ఎలియాస్ ఎక్కడున్నాడో అతనికి తెలుసు. సోమవారం పొద్దు పొడిచినప్పటినుంచీ తెలుసు.

చేపలు తగ్గిపోయాయని శుక్ర, శని, ఆదివారాలు వల వేయకూడదని ప్రభుత్వం చట్టం పెట్టింది. ఆ మూడు రోజులూ జాలరి కడుపు కూడా సెలవు తీసుకుంటే బాగుండేది, తీసుకోదు. అందుకని అందరూ వేస్తారు. మామూలుగా వల పైతాడుకు కట్టే తెల్ల బెండ్లు నీళ్ళమీద తేలుతూ, ఇక్కడ వల ఉందిరా, పక్కకు పోరా అని చెబుతుంటాయి. చట్టం తప్పి వేసేవాడు ఆ బెండ్లకు రాళ్ళు కట్టి మూరెడు లోతుకి ముంచేస్తాడు. పైనుంచి చూస్తే ఏమీ కనపడదు. పోయిన శనివారం సెలెదోనియో ఎదుటి లంక వెనకాల, పాయ వచ్చి ఏట్లో కలిసేచోట, అలాంటి వల ఒకటి అడ్డంగా వేశాడు.

ఆదివారం మధ్యాహ్నం ఎలియాస్, వాడి స్నేహితులు ఆ లంక ఒడ్డునే మాంసం కాల్చుకుంటున్నారు. కట్టు ఊడి వాళ్ళ పడవ కొట్టుకుపోయింది. దాన్ని పట్టుకురావడానికి ఎలియాస్ దూకాడు. లంక కొస దాటేదాకా వాడి తల కనపడిందని, తరవాత కనపడలేదని స్నేహితులు చెప్పారు. పడవ మాత్రం కింద ఎక్కడో దక్షిణం రేవుల దగ్గర దొరికింది. కాబట్టి వెతికేవాళ్ళంతా అక్కడే వెతికారు. లంక వెనకాల పాయ సంగతి ఎవరికీ తట్టలేదు.

సోమవారం సెలెదోనియో వల ఎత్తడానికి వెళ్ళాడు. తాడు బరువుగా వచ్చింది. సాబలో అనే రకం చేపల గుంపు పడిందనుకుని సంతోషించాడు కూడా. రెండు బారలు లాగేసరికి నీళ్ళలోంచి ఒక మెడ, మెడలో ఇతాతీ మరియమాత పతకం కనపడ్డాయి. ఆ పతకం జ్ఞానస్నానం నాడు తను వేసిందే. సెలెదోనియో తాడు వదిలేశాడు. చెయ్యి జారి వదిలింది కాదు. వదిలి, తాడు కొసను మళ్ళీ నీళ్ళలో నిలిచిన చెట్టు మొద్దుకు కట్టి, గట్టిగా ఉందో లేదో లాగి చూసుకుని, తెడ్డు వేసుకుంటూ వచ్చేశాడు.

చెబుదామనే వచ్చాడు. జైలంటారు, పడవ పట్టుకుపోతారు, అరవై ఒకటో ఏట ఇంకేం పని చేసుకుని బతకాలి అని దారంతా అనుకుంటూ వచ్చినా, చెబుదామనే ఒడ్డున కాలు పెట్టాడు. అప్పుడే నేలిదా పరిగెత్తుకొచ్చి అతని చొక్కా పట్టుకుంది. "ఏరు నీకు తెలిసినట్టు ఎవడికీ తెలీదు. నా బిడ్డను తెచ్చిపెట్టు కొంపాద్రే," అంది. ఆ పూట మింగిన మాట మర్నాటికి ఇంకా పెద్దదైంది, ఆ మర్నాటికి గొంతుకే అడ్డం పడింది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే.

పన్నెండు పడవలు బయల్దేరాయి. ముందు సెలెదోనియో పడవ, అందులో నేలిదా, రేవు మెట్ల పైన చేపలు కాల్చి అమ్మే రుఫీనో. నగరం తన పని తను చేసుకుంటోంది. కట్ట మీద జనం చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కు, చేతిలో మాతే ఆకు టీ తాగే బుర్ర పట్టుకుని నడుస్తున్నారు. ఈత కొట్టే ఒడ్డున పాటలు మోగుతున్నాయి. ఎవరో ఫోన్లు ఎత్తి పడవల్ని వీడియో తీసుకుంటున్నారు.

"వాణ్ణి ఆఖరుసారి చూసిన చోటినుంచే కదా వదలాలి," అన్నాడు రుఫీనో. "లంక ఒడ్డుకి పోనీ."

లంక ఒడ్డున వదిలితే ఆ రొట్టె ఎటు వెళుతుందో సెలెదోనియోకి తన అరచేతి గీతల కన్నా బాగా తెలుసు. కొస తిరిగి, పాయ నోట్లోకి వెళ్ళి, మునిగిన బెండ్ల మీద ఆగి తిరుగుతుంది. ఆచారం అబద్ధం కాదు. నీళ్ళు మనిషిని తీసుకెళ్ళిన దారినే రొట్టెనూ తీసుకెళతాయి, అంతే.

"గాలి దక్షిణంనుంచి కొడుతోంది," అన్నాడు అతను. "అక్కడ వదిలితే గడ్డిలో చిక్కుకుని ఆరిపోద్ది. ఉన్నదే బెత్తెడు. నడి ఏట్లో వదలాలి."

నేలిదా లంక ఒడ్డువైపు ఒక్క క్షణం చూసింది. ఆదివారం కాల్చిన కట్టెల బూడిద ఇసకలో నల్లగా కనపడుతోంది.

"ఆయనకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది రుఫీనో," అంది.

సెలెదోనియో రొట్టె మధ్యలో మెత్తటి భాగం తవ్వి, కొవ్వొత్తి నిలబెట్టాడు. అగ్గిపుల్ల మూడుసార్లు ఆరింది. నాలుగోసారి నేలిదా తన రెండు చేతులూ అడ్డం పెట్టింది. వలలు కుట్టీ కుట్టీ కాయలు కాసిన వేళ్ళు. ఈ రేవులో చిరిగిన వల ఏదైనా ఆమె దగ్గరికే వెళ్ళాలి. ఎడమచేతి వాటం మనిషి కావడంతో ఆమె ముడి అందరి ముడికీ ఎదురు తిరిగి పడుతుంది. నీ వల చూస్తే చేపలకి కూడా తల తిరుగుద్దమ్మా అని జాలర్లు ఏడిపిస్తుంటారు.

రొట్టె నడి ఏట్లో సాగింది. పన్నెండు పడవలూ మోటార్లు ఆపి వెనకే వెళ్ళాయి. ఎగువనుంచి ఏది కొట్టుకొచ్చినా, చెట్టు మొద్దయినా చచ్చిన ఆవయినా, చివరికి పాత ధాన్యపు రేవు స్తంభాల దగ్గరి సుడిలోకి వచ్చి తిరుగుతుందని సెలెదోనియోకి తెలుసు. సరిగ్గా అక్కడికే వచ్చి తిరిగింది. మూడు చుట్లు తిరిగాక కొవ్వొత్తి ఆరింది.

"ఇక్కడున్నాడు," అంది నేలిదా. ఆ మాటలో ఎంత నెమ్మది ఉందంటే, సెలెదోనియో మొహం తిప్పుకున్నాడు.

ఈతగాళ్ళు సాయంత్రందాకా దిగారు. బురద, ఇనుప ముక్కలు, ఒక సైకిలు దొరికాయి. నేలిదా ఒడ్డున కూలిన స్తంభం మీద కూర్చుని కదల్లేదు. కొవ్వొత్తి చెప్పింది కదా, పైకి వస్తాడు అంది. ఆడవాళ్ళు రొట్టె, మాతే తెచ్చిచ్చారు. సెలెదోనియో కూడా ఒక బుర్ర తెచ్చి ఇచ్చాడు. ఆమె తాగి, బుర్ర తిరిగిస్తూ, "దేవుడు నీ చెయ్యి చల్లగా చూడాలి," అంది.

గురువారం తెలతెలవారుతుండగా సెలెదోనియో ఒక్కడే పాయకు వెళ్ళాడు. వల ఎత్తలేదు. కత్తి పట్టుకుని నీళ్ళలోకి దిగి, తడుముకుంటూ, వలను చేతికి తగిలినచోటల్లా కోశాడు. కోస్తున్నంతసేపూ మరియమ్మ జపం చెప్పుకుంటూనే ఉన్నాడు, చెప్పుకోవడానికి సిగ్గు లేకుండా. బరువు వదులైంది. కళ్ళు తెరవకుండానే దాన్ని ఏటివైపు ఒక్క తోపు తోశాడు. చిన్నప్పుడు ఇదే ఏట్లో వాడికి ఈత నేర్పినప్పుడు కూడా ఇలాగే వీపుమీద చెయ్యి పెట్టి తోసేవాడు. ఆ జ్ఞాపకం వచ్చాక మొద్దు పట్టుకుని, మెడలోతు నీళ్ళలో నిలబడి ఏడ్చాడు.

మధ్యాహ్నం పన్నెండుకి ఎలియాస్ పాత ధాన్యపు రేవు దగ్గర, కొవ్వొత్తి తిరిగిన సుడిలోనే, పైకి వచ్చాడు.

ఆ మాట రేవంతా పాకింది. కట్ట మీద నడిచేవాళ్ళు కూడా ఆగి శిలువ గుర్తు వేసుకున్నారు. రుఫీనో నలభై మందికి చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ కొవ్వొత్తి ఇంకో చుట్టు ఎక్కువ తిరిగింది. సెలెదోనియో రోడ్డు మీద నడుస్తుంటే మగవాళ్ళు టోపీ తీశారు. దొంగకు తేలు కుట్టినట్టు అతను తల వంచుకుని నడిచాడు. అది వినయం అనుకున్నారు.

శుక్రవారం మట్టి చేశారు. పెట్టె మూసే ఉంచారు. తలవైపు సెలెదోనియో మోశాడు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు, ఎలియాస్ విషయంలో ఊరు ఆ పాటి మర్యాద కూడా చూపలేదు. పెట్టె దింపుతుండగానే వెనక ముసలాళ్ళ గుసగుసలు మొదలయ్యాయి.

"మంచోడేలే. కాకపోతే ఆదివారం బాగా పుచ్చుకున్నాడంట."

"పుచ్చుకోకపోతే వాడు మునగడమేంట్రా? చేపపిల్లలాంటోడు. వాళ్ళ నాన్న పోలిక ఎక్కడికి పోద్ది."

వాళ్ళ నాన్న తాగి తాగి, ఆస్పత్రి మంచం మీద పసుపు రంగు తేలి పోయాడు. అప్పటినుంచి ఎలియాస్ బీరు సీసా మూత కూడా తీయలేదు. ఆ సంగతి సెలెదోనియోకి తెలుసు, నేలిదాకి తెలుసు. గుసగుసలు ఇద్దరికీ వినపడ్డాయి. నేలిదా వెనక్కి తిరిగి, "నా కొడుకు తాగడు," అని మాత్రం అంది. అందరూ జాలిగా తలూపారు. తల్లి కదా, అలాగే అంటుంది అన్నట్టు. ఆమె జ్ఞానతండ్రివైపు చూసింది, నువ్వైనా చెప్పు అన్నట్టు. సెలెదోనియో గోతిలోకి మట్టి జారుతుంటే మట్టినే చూస్తూ నిలబడ్డాడు.

శనివారం ఎగువ ఊళ్ళనుంచి ఒకావిడ అతని ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. సంచిలోంచి ఫోటో తీసింది. రెండేళ్ళ కిందట ఏట్లో పోయిన మొగుడు, ఇప్పటిదాకా దొరకలేదు.

"తమరి చేతి మహిమ విన్నాను దోన్ సెలెదోనియో. పెళ్ళినాటి కొవ్వొత్తి తెచ్చాను. అది పని చేస్తుందాండి?"

"అది నా వల్ల కాదమ్మా."

"ఎముకలైనా చాలండి. పండగపూట ఒక పువ్వు పెట్టుకోడానికి."

ఆమె ఫోటో బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. ఫోటోలో మనిషి నీళ్ళలో మోకాలిదాకా నిలబడి నవ్వుతున్నాడు. సెలెదోనియో దాన్ని బోర్లా పెట్టాడు. మళ్ళీ సరిగా పెట్టాడు.

గురువారమే పాయలోంచి తెచ్చేసిన వల అతని కొట్టంలో ఒక మూల, గోనె కింద ఉంది. కాల్చేయాల్సింది. అగ్గిపెట్టె పట్టుకుని రెండుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చాడు. వలంటే జాలరికి అన్నం. అన్నాన్ని కాల్చడం అతని చేతులకు రాలేదు. పది మందిని మోసం చేయగలిగిన చేతులు ఆ పని మాత్రం చేయలేకపోయాయి.

ఆదివారం పదకొండింటికి నేలిదా వచ్చింది. నల్లబట్టల్లో ఉంది. చేతిలో వల కుట్టే చెక్క సూది, నీలం దారపు ఉండ.

"వల తే కొంపాద్రే," అంది.

"ఏ వల?"

"నీ వల. చిరిగి ఉంటదిగా. కుట్టిపెడతా."

"ఇప్పుడేం తొందర కొమాద్రే. నీకున్న బాధలో…"

"తే."

ఆమె గుమ్మం ముందు చిన్న పీట వేసుకుని కూర్చుంది. సెలెదోనియో లోపలికి వెళ్ళాడు. మంచి వల ఒకటి మేకుకు వేలాడుతోంది. అది తీసి ఇస్తే సరిపోతుందని ఒక్క క్షణం అనుకున్నాడు. దానిమీద చెయ్యి కూడా వేశాడు. తరవాత గోనె తీసి, మూలనున్నది ఈడ్చుకొచ్చి ఆమె కాళ్ళ దగ్గర పడేశాడు.

నేలిదా వలను ఒళ్ళోకి లాక్కుని బారలు బారలుగా జరుపుతూ పోయింది. కోసిన చోటు వచ్చింది. తలుపంత కంత. అప్పుడామె జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి విప్పింది. అందులో అరచేతంత వల ముక్క ఉంది. తెల్ల దారం, అందులో ఒకచోట నీలం దారంతో వేసిన అతుకు.

"ఆస్పత్రిలో వాడి బట్టలు సంచిలో పెట్టిచ్చారు," అంది. "ఇది నిక్కరు తాడుకి చుట్టుకుని ఉంది. ఏటి చెత్తమ్మా, తీసి పారెయ్యి అన్నాడు గుమాస్తా. పోయిన నెల కొట్లో తెల్లదారం అయిపోతే నీ ఒక్కడి వలకే నీలందారం వేశాను. ముడి చూడు. ఎదురు ముడి."

ఆమె ముక్కను కంత అంచున పెట్టి అటూ ఇటూ తిప్పింది. ఒకచోట తెగిన కొసలకు కొసలు ఎదురుగా వచ్చి కుదిరాయి.

సెలెదోనియో ఆమె ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అంది ఆమె.

"సోమారం పొద్దున."

"సోమారం." ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "సోమారం, మంగళారం, బుధారం. ఆ కొవ్వొత్తికి నా చేతులు అడ్డం పెట్టించావు. ఆ స్తంభం మీద కూర్చుని నీకోసం దేవుణ్ణి వేడుకున్నాను."

"చెబుదామనే వచ్చాను నేలిదా. నువ్వు నా చొక్కా పట్టుకున్నావు. నోరు రాలేదు."

"నేను నీ చొక్కా పట్టుకున్నాను, నిజమే. నోరెవడు పట్టుకున్నాడు?"

సెలెదోనియో మోకాళ్ళమీదికి లేచి ఆమె పాదాల దగ్గరికి జరగబోయాడు. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"వల వేసినందుకు నిన్నేం అనను," అంది. "ఈ రేవులో ఎవడు వేయడు? నేనే కుట్టిచ్చాను. వాణ్ణి పట్టుకున్న ఆ నీలం ముడి నేను వేసిందే. అది నేను మోస్తాను, నీతో పంచుకోను. కానీ మళ్ళీ ముంచావే, దాన్ని ఏమనాలో నాకు తెలీదు. ఆ ముసలాళ్ళు గోతి దగ్గర వాణ్ణి తాగుబోతన్నప్పుడు చూశాను నీ వైపు. మట్టిని చూస్తున్నావు నువ్వు."

ఎదురింట్లో రేడియోలో ఫుట్‌బాల్ మొదలైనట్టుంది, జనం అరుపులు వినపడ్డాయి. పైన వీధిలోంచి చేప కాలుతున్న వాసన వస్తోంది. ఆదివారం రుఫీనో కొట్టు దగ్గర కూర్చోడానికి చోటు దొరకదు.

సెలెదోనియో ఆమె చేతిలోని చెక్క సూది వైపు చూశాడు. "కుడతానన్నావు," అన్నాడు.

నేలిదా సూదిని, దారపు ఉండను జేబులో పెట్టుకుంది.

"ముప్పై ఏళ్ళు కుట్టాను నీ వలలు. ఇది కుట్టను. దీన్నిలాగే భుజాన వేసుకుని పైకి పద. అందరూ అక్కడే ఉన్నారు. నా కొడుకు తాగలేదని నేను చెబితే తల్లిమాట. నువ్వు చెప్పు."

"పోలీసులు…"

"వాళ్ళ సంగతి తరవాత. వాడి పేరు ముందు."

సెలెదోనియో తడి ఆరని వలను చుట్టి భుజాన వేసుకున్నాడు. కంత వెనకనుంచి వేలాడింది. మెట్లు అరవై నాలుగు. అవి ఎక్కుతున్నంతసేపూ వెనక ఆమె చెప్పుల చప్పుడు వినపడుతూనే ఉంది. దగ్గరికి రాలేదు, దూరం కాలేదు.

రుఫీనో కొట్టు ముందు బల్లలన్నీ నిండి ఉన్నాయి. నిప్పుల మీద బోగా చేపలు కాలుతున్నాయి, పిల్లలు కుర్చీల మధ్య పరిగెడుతున్నారు. అతన్ని చూడగానే నలుగురైదుగురు లేచారు.

"రండి రండి. ఏరే మాట వినే మనిషి వచ్చాడ్రా," అన్నాడు రుఫీనో. "మీరు లేవండ్రా, దోన్ సెలెకి కుర్చీ వేయండి. ఇవాళ ఈయన దగ్గర పైసా తీసుకోను. వలేంటి భుజాన? ఆదివారం పూట వల వేస్తే పట్టుకుపోతారయ్యో."

బల్లల దగ్గర నవ్వారు.

సెలెదోనియో వలను నడుమ బల్లమీద, పళ్ళేల మీద, దించాడు. గ్లాసు ఒకటి దొర్లి వైను కిందికి కారింది. అతను వల విప్పి కంత అందరికీ కనపడేలా రెండు చేతులా పట్టుకున్నాడు.

"రేడియో తగ్గించు రుఫీనో," అన్నాడు. "ఎలియాస్ ఆ రోజు తాగలేదు. వాడు నా వలలో పడ్డాడు."

రుఫీనో చెయ్యి రేడియోమీద ఉండిపోయింది. వీధి చివర, మెట్ల పైన, నేలిదా నిలబడి ఉంది. మిగతాది కూడా చెప్పేదాకా ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు.